ఇంజన్ వైపు కాలు

ఊళ్లో సగం ఇళ్లను చల్లబరిచిన మనిషికి తన కారు ఒక్కటే లొంగలేదు. ఏసీ మెకానిక్ అంటే ఆ చుట్టుపక్కల ఆయనే. ఫ్రిజ్జు మూలిగినా, గోడ మీది ఏసీ చుక్కలు కార్చినా, మందుల షాపులో కూలింగ్ పెట్టె మొరాయించినా జనం ఆయన షెడ్డుకే పరిగెత్తేవాళ్లు. ఆయన వచ్చి మెషీను పక్కన తల వంచి కాసేపు వినేవాడు. విని, "గ్యాసు తగ్గింది" అనో "ఫ్యాను అరిగింది" అనో తేల్చేవాడు. చాలావరకు అదే నిజమయ్యేది. అలాంటి మనిషి ఎండాకాలంలో తన కారు దిగుతుంటే మాత్రం చూసినవాళ్లకి నవ్వాగేది కాదు. చొక్కా వీపుకి అతుక్కుపోయి, ముఖం కందగడ్డలా అయిపోయి, ఆవిరి మీద ఉడికినట్టు ఉండేవాడు. "ఊరికి చలవ, ఇంటికి సెగ" అని ఆయన బావమరిది ఏకంగా ఒక సామెతే కట్టేశాడు.

నిజానికి ఆ మాట అనే హక్కు బావమరిదికి లేదు. ఆ కారు అంటగట్టింది అతనే. పాత కార్లు కొని, కడిగి, తుడిచి, మంచి మాటలు చెప్పి అమ్మడం అతని వ్యాపారం. ఒకరోజు ఫోన్ చేసి, "బావా, ఒకటొచ్చింది. వచ్చి చూడకపోతే జీవితాంతం నన్ను తిట్టుకుంటావు" అన్నాడు. చూసినందుకే తిట్టుకోవాల్సి వస్తుందని మెకానిక్‌కి అప్పుడు తెలియదు. వెళ్లి చూశాడు. పసుపు రంగు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తు. మనుషులు కూర్చునే చోటు పిసరంత, ముందున్న ముక్కు మాత్రం బారెడు, ఆ ముక్కు నిండా ఇంజన్. తాళం తిప్పితే పక్క కొట్లో గాజు సీసాలు గలగలలాడాయి. తా వలచింది రంభ అన్నారు పెద్దలు. ఆ రంభ ఒంట్లో జ్వరం ఎంతుందో ఆయన అడగలేదు.

ఆ జ్వరం ఎండలు ముదిరాక బయటపడింది. ఇంజన్‌కీ మనిషి పాదాలకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఇంజన్ సెగంతా ఆ గోడ దాటి వచ్చేది. రెండు సీట్ల మధ్య గేరు కింద ఉన్న గట్టు పెనంలా కాలేది. గేరు కడ్డీ మీద తడిగుడ్డ చుడితే తప్ప చెయ్యి ఆనేది కాదు. పైన వాలు అద్దంలోంచి సూర్యుడు, కింద ఇంజను. రెండు పొయ్యిల మధ్య రొట్టెలాగా మనిషి. కారుతో పాటు వచ్చిన పాత ఏసీ ఉండనైతే ఉంది గానీ, అది ఊదే గాలి కంటే తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ల నిట్టూర్పులు చల్లగా ఉంటాయని ఆయనే ఒప్పుకున్నాడు.

సొంతానికైతే ఆయన ఆ వేడి భరించేవాడే. ఏసీ పని అంటే అందరూ చల్లటి పని అనుకుంటారు. నిజానికి ఆ పని జరిగేది ఎండ మాడ్చే డాబాల మీద. ఆయన బాధ అది కాదు. ఆ కారు కొన్నది తన కోసం కాదు, భార్య కోసం.

ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ నడిపే పాత రకం బస్సులో ఇంజన్ బయట ఉండదు. లోపలే, డ్రైవరు సీటు పక్కనే, ఒక పెద్ద మూత కింద కూర్చుని ఉంటుంది. పొద్దుటి నుంచి డ్యూటీ దిగేదాకా దాని సెగ ఒక కాలికి తగులుతూనే ఉంటుంది. అందుకే ఆవిడ తన కాళ్లకి పేర్లు పెట్టుకుంది. ఒకటి ఇంజన్ వైపు కాలు, ఇంకోటి తలుపు వైపు కాలు. ఇంటికొచ్చి ఇంజన్ వైపు కాలిని బకెట్ నీళ్లలో పెట్టి, "ఇది ఉడికింది, రెండోది ఇంకా పచ్చిగానే ఉంది" అనేది. నవ్వుతూనే అనేది. మొగుడు మాత్రం ఆ బకెట్ చూసినప్పుడల్లా లోపల్లోపల కుమిలేవాడు. తనేమో ముక్కూ మొహం తెలియనివాళ్ల పడకగదులు చల్లబరిచి వస్తాడు. కట్టుకున్నదాని కాలు మాత్రం రోజూ ఉడుకుతుంది.

పైగా ఇంకో సంగతి కూడా ఆయన మనసులో నలుగుతుండేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఎవరి పక్కనా హాయిగా కూర్చుని ప్రయాణం చెయ్యగా ఆయన చూడలేదు. ఊరందరినీ మోసుకెళ్లే మనిషిని ఒక్కసారైనా కూర్చోబెట్టి తీసుకెళ్లాలని ఆయన కోరిక. ఒక్కసారైనా, మహారాణిలా. అందుకే సీట్లు రెండే ఉన్న కారు ఆయనకి అంత నచ్చింది. వెనక సీటు లేదు కాబట్టి ఇంకెవరినీ ఎక్కించుకోమనే పేచీ ఉండదనుకున్నాడు.

కారు కొన్న మొదటి ఆదివారం ఆవిడ ముచ్చటపడే ఎక్కింది. వీధి మలుపు దగ్గర, "కాస్త ఆపండి" అంది. ఆపాడు. దిగి, తలుపు నెమ్మదిగా వేసి, కిటికీలోంచి వంగి చెప్పింది.

"వారంలో ఆరు రోజులు ఇంజన్ పక్కనే కూర్చుంటున్నాను. ఏడో రోజు కూడా ఇంజన్ పక్కనే కూర్చోబెడతారా? మీరు వెళ్లి రండి. నేను నడిచి వెళ్తాను, దారిలో కూరగాయలు కూడా కొనుక్కోవచ్చు."

అంతే. ఆ తర్వాత ఆ సీటులో ఆయన పనిముట్ల సంచి ప్రయాణం చేసింది.

ఇలా ఉండగా ఆవిడ రిటైర్మెంట్ దగ్గరపడింది. ఆ డిపోలో వాళ్లకి వాళ్లే పెట్టుకున్న ఒక పద్ధతి ఉంది. ఆఖరి డ్యూటీ దిగిన డ్రైవరు ఆ రోజు మళ్లీ స్టీరింగ్ ముట్టుకోకూడదు. ఇన్నేళ్లు నడిపినవాళ్లని ఆ ఒక్కరోజు ఇంకొకరు నడిపి ఇంటికి చేర్చాలి. మామూలుగా డిపో జీపులో దింపుతారు. మెకానిక్‌కి ఈ సంగతి తెలియగానే ప్రాణం లేచొచ్చింది.

"ఆ రోజు నేనొస్తాను, మన కారులో" అన్నాడు, రాత్రి భోజనం దగ్గర.

ఆవిడ కంచంలోంచి తల ఎత్తకుండానే, "లోపల వేడి లేకపోతే ఎక్కుతాను. వేడిగా ఉంటే జీపెక్కుతాను. నలుగురిలో నన్ను మొహమాట పెట్టకూడదు" అంది.

"వేడి ఉండదు."

"మాట?"

"మాట."

కళ్లద్దాల షాపులో పనిచేసే వాళ్లమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాన్నా, ముందూ వెనకా చూసుకుని మాటివ్వు. ఆ కారులో మొన్న నా కొత్త చెప్పుల అట్ట ఊడిపోయింది" అంది.

ఆయన వినే స్థితిలో లేడు. మర్నాడే షెడ్డు ముందు 'పని ఉంది, రేపు రండి' అని అట్ట వేలాడదీసి కారు మీద పడ్డాడు. ఏసీ మెకానిక్ కారుని ఎలా చూస్తాడు? గదిలాగే చూస్తాడు. గది చల్లబడాలంటే ముందు సందులు మూయాలి. కాబట్టి ఆయన కార్పెట్లు పీకి, ఇంజన్ వైపు రేకు గోడకీ గేరు గట్టుకీ వెండి కాగితం అంటించిన మందపాటి పరుపులు పరిచాడు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో చల్లగాలి గొట్టాలకి చుట్టే సరుకది. తీగలు దూరే చిల్లులన్నీ పూడ్చాడు. తర్వాత పాత ఏసీ పీకేసి, దానికి రెట్టింపు సైజు ఏసీ పెట్టాడు. లోపలి వేడిని లాగి బయటికి పారేసే జాలీ ఒకటి ఉంటుంది కదా, దాన్ని కారు ముక్కులో, ఇంజన్‌ని చల్లబరిచే రేడియేటర్ ముందు బిగించాడు. పెట్టడానికి అక్కడ తప్ప చోటు లేదు.

టీ తెచ్చిచ్చిన కూతురు వంగి చూసింది. "నాన్నా, గదిలో ఏసీ పెడితే వేడి వీధిలోకి పోతుంది. ఇక్కడ ఎక్కడికి పోతుంది?"

"బయటికి."

"బయట ఉన్నది ఇంజన్ కదా."

"ఇంజన్ ఈ జాలీకి వెనక ఉందమ్మా. ముందు గాలి ఉంది. నువ్వెళ్లి నీ అద్దాలు తుడుచుకో."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆయన ఇంట్లోవాళ్ల మాట వినకుండానే రచ్చకి బయల్దేరాడు. పని పూర్తయిన రోజు తెల్లవారుజామున చల్లటి వేళ, షెడ్డు నీడలో కారు పెట్టి, ఎదురుగా తన పెద్ద పెడెస్టల్ ఫ్యాను నిలబెట్టి, ఇంజన్ వేశాడు. ఫ్రిజ్జుల్లో పెట్టే థర్మామీటరు సీటు మీద పెట్టి తలుపు మూశాడు. కాసేపటికి కిటికీ అద్దాల మీద మంచు పట్టింది. లోపల కూర్చుంటే పళ్లు టకటకలాడాయి. ఇంజన్ వేడి చూపే సూది సరిగ్గా మధ్యలో, బుద్ధిమంతుడిలా కూర్చుంది. ఫ్రిజ్జుని పరీక్షించే పద్ధతిలో కారుని పరీక్షించానని ఆయనకి తట్టలేదు. ఫ్రిజ్జు ఎండలో ట్రాఫిక్‌లోకి వెళ్లదు కదా. ఆయన మాత్రం ఆనందం పట్టలేక బావమరిదికి ఫోన్ చేసి, దుప్పటి తెచ్చుకుని రమ్మన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. మధ్యాహ్నం డ్యూటీ దిగే వేళకి మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని డిపో గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ వచ్చే వేళ చూసి కారు ఏసీ వేసి, ఎవరూ తలుపు తెరిచి చల్లదనం పోగొట్టకుండా కాపలా కాశాడు. ఆవిడ బస్సు లోపలికి తెచ్చి పెట్టి, తాళాలు అప్పగించి, అందరి దగ్గరా సెలవు తీసుకుని వచ్చింది. కళ్లు తుడుచుకుందేమో, కాస్త ఎర్రగా ఉన్నాయి. చాలాకాలం ఆవిడతో డ్యూటీ చేసిన కండక్టరు కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కక్కా. ఇవాళ నువ్వు ప్యాసింజర్‌వి. టిక్కెట్ లేకుండా ఎక్కుతున్నావు, దారిలో చెకింగ్ వస్తే నాకు తెలియదు."

డిపో జీపు డ్రైవరు కూడా తయారుగా ఉన్నాడు. "వెనకాలే వస్తాను బావగారూ. తప్పుగా అనుకోవద్దు. మీ బండి మాట మేమూ విన్నాం. ఎక్కడ ఆగితే అక్కడ అక్కని ఎక్కించుకుంటాను" అన్నాడు.

"రండి, రండి. ఖాళీ జీపు తోలుకుంటూ రండి" అన్నాడు మెకానిక్ దర్జాగా.

ఆవిడ ఎక్కింది. తలుపు పడింది. ఆ చల్లదనానికి ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి చాపి గేరు గట్టుని ముట్టుకుంది. చల్లగా ఉంది. మొగుడి వంక చూసింది.

"ఎలా ఉంది?"

"ఫ్రిజ్జులో పెట్టిన వంకాయలా ఉన్నాను" అంది.

ఆయనకి ఆ మాట సన్మానంలా వినిపించింది. కండక్టరు కారు వీపు మీద రెండు దెబ్బలు చరిచి "రైట్, రైట్" అన్నాడు. కారు కదిలింది. మెకానిక్ ఛాతీ సీటు బెల్టులో పట్టలేదు. ఇన్నేళ్ల కోరిక పక్క సీటులో కూర్చుని ఉంది.

కానీ కాస్త దూరం పోయేసరికి ఆయనకి ఒకటి కనిపించింది. ఆవిడ కూర్చోవడం లేదు. అంటే, సీటులోనే ఉంది గానీ వీపు వెనక్కి ఆనలేదు. ఆయన మలుపు తిప్పితే ఆవిడ భుజాలు తిరుగుతున్నాయి. ముందు స్కూటరు అడ్డొస్తే ఆవిడ పాదం నేలని గట్టిగా నొక్కుతోంది. కళ్లు అద్దాల మీద, సిగ్నళ్ల మీద, పక్క సందుల మీద పరుగెడుతున్నాయి.

"ఇక్కడ బ్రేకు లేదే" అన్నాడు నవ్వుతూ.

"తెలుసు. కాలికి తెలియడం లేదు."

ఇంకాస్త దూరం పోయాక ఆవిడ చేతులు కట్టుకుంది. తర్వాత ఆ చేతుల్ని చంకల్లో దూర్చుకుంది. మొగుడు చూస్తున్నాడని తీసేసింది. అదంతా ఆయనకి కొత్త సీటు మొహమాటంలా కనిపించింది. పైగా అప్పటికే ఆయన చూపు వేరే చోట పడింది. సూది మధ్య గీత దాటింది.

బజారు వీధిలో వాహనాలు ఇరుక్కుపోయాయి. ఆగితే గాలి లేదు. ఏసీ జాలీ పారేసే వేడంతా తిన్నగా వెనకున్న రేడియేటర్ నోట్లోకి పోతోంది. ఎదురుగా పెడెస్టల్ ఫ్యాను లేదు. సందులన్నీ పూడ్చాడేమో, ఇంజన్ తన వేడిని లోపలికి వదలడానికి కూడా దారి లేదు. కూతురు అడిగిన ప్రశ్న ఇప్పుడు ఆయన చెవుల్లో గింగిరాలు తిరిగింది. పోనీలే, ఈ బజారు దాటితే రోడ్డు ఖాళీ, గాలి ఆడుతుంది అనుకున్నాడు. బజారు దాటారు. ఎదురుగా రైలు గేటు పడింది.

అద్దంలో చూస్తే వెనకాలే జీపు. జీపు డ్రైవరు చెయ్యి ఊపాడు. పళ్లన్నీ కనిపించాయి.

మెకానిక్‌కి మందు తెలియక కాదు. ఇంజన్ కాగిపోతుంటే ఏం చెయ్యాలో చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఏసీ కట్టేసి, హీటరు పూర్తిగా తిప్పాలి. చలికాలంలో మనుషుల్ని వెచ్చబెట్టే హీటరు ఇంజన్ వేడినే లాగి లోపలికి ఊదుతుంది. ఆ ఊదడంతో ఇంజన్ కుదుటపడుతుంది. అంటే ఇంజన్ బతకాలంటే మనుషులు ఉడకాలి. ఉడకబెట్టనని పక్కనున్న మనిషికి మాటిచ్చాడు. హీటరు వేస్తే మాట పోతుంది, వెయ్యకపోతే ఇంజన్ పోతుంది. ఏది పోయినా ఆవిడ జీపెక్కుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, ఇంకా వెనక ఆ ఇకిలించే జీపు డ్రైవరు. సూది ఎరుపు వైపు జరుగుతుంటే ఆయన ప్రార్థన చేసినట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"సూది ఎక్కడుంది?" అంది ఆవిడ, ముందున్న లారీ మీదినుంచి చూపు తిప్పకుండా.

"మధ్యలోనే."

"మధ్య దాటి చాలాసేపైంది. నేను కూడా డ్రైవర్నే, మర్చిపోయారా?"

"హీటరు వెయ్యాలి. వేస్తే ఇది పొయ్యి అవుతుంది. నువ్వు దిగి జీపులో వెళ్లిపో. నిన్ను ఒక్కసారి హాయిగా తీసుకెళ్దామనుకున్నాను. నా వల్ల కాలేదు" అన్నాడు. అంటుంటే ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి రైలు గేటు దగ్గర ఏడిస్తే బాగుండదని ఆపుకున్నాడు.

ఆవిడ దిగలేదు. చెయ్యి చాపి ఏసీ మీట తనే కట్టేసింది. హీటరు మీట చివరిదాకా తిప్పింది. తిప్పాక మాత్రం, "స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు, మీటల సంగతి చెప్పలేదు" అంది.

కిటికీలు దించారు. కాళ్ల దగ్గరి హీటరు సందుల్లోంచి కుతకుతలాడే గాలి బుస్సుమని వచ్చింది. బయటి ఎండకి అది తోడైంది. మెకానిక్ చొక్కా క్షణాల్లో తడిసిపోయింది. కనుబొమల మీంచి చెమట కారి కళ్లు మండాయి. సూది మాత్రం ఆగింది. కాసేపు ఆలోచించుకుని, మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

ఆయన భయంభయంగా పక్కకి చూశాడు. ఆవిడ చెప్పులు విడిచింది. ఇంజన్ వైపు కాలు చాపి, గాలి వచ్చే సందు దగ్గర పెట్టింది. తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, మొదటిసారి వీపు వెనక్కి ఆన్చింది.

"అమ్మయ్య" అంది.

"అమ్మయ్య ఏమిటి?"

"ఎక్కినప్పటి నుంచి చలికి మోకాలు పట్టేసింది. మీ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. పరీక్ష రాసి మార్కుల కోసం చూసేవాడిలా నా వైపే చూస్తున్నారాయె."

"మరి వేడి వద్దన్నావుగా."

గేటు అవతల రైలు వెళ్తోంది. అది పూర్తిగా వెళ్లాక ఆవిడ చెప్పింది.

"వేడనేది ఒక వంక. నిజానికి పక్కన కూర్చోవడమే నాకు రాదు. మీరు మలుపు తిప్పితే నా చేతులు తిరుగుతాయి. ఎవరో అడ్డొస్తే నా గుండె ఆగుతుంది. అదేమో మీ డ్రైవింగ్ మీద నమ్మకం లేనట్టు ఉంటుంది. మీరు నొచ్చుకుంటారని ఆ రోజు వేడి మీద పెట్టేశాను. మీరేమో దాన్ని పట్టుకుని షెడ్డు మూసేసి కూర్చున్నారు. ఎలా చెప్పను?"

మెకానిక్‌కి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. వెండి కాగితపు పరుపులు గుర్తొచ్చాయి, రెట్టింపు సైజు ఏసీ గుర్తొచ్చింది. చివరికి నవ్వే గెలిచింది. ఆవిడ కూడా నవ్వింది. గేటు లేచేదాకా ఇద్దరూ చెమటలు కక్కుతూ నవ్వుకున్నారు. వెనక జీపు డ్రైవరు మెడ సాచి సాచి చూశాడు. కారు ఆగిపోయి ఏడుస్తున్నారేమో అనుకున్నాడు పాపం.

గేటు లేచింది. ఖాళీ రోడ్డు మీద గాలి ఆడింది. సూది కిందికి దిగింది గానీ, ఆగిన చోటల్లా మళ్లీ ఎక్కడానికి చూసేది. నడుస్తుంటే బుద్ధిగా ఉండేది. ఆయన నిదానంగా, ఒకే ఊపులో పోనిచ్చాడు. పెద్ద మలుపు వచ్చింది. తిప్పుతూ అలవాటుగా పక్కకి చూశాడు. ఆవిడ భుజాలు కదల్లేదు. ఒక కుక్క అడ్డొచ్చింది, బ్రేకు వేశాడు. ఆవిడ పాదం నేలని నొక్కలేదు. తల ఒక పక్కకి వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. నుదుటి మీద చెమట చుక్కలు మెరుస్తున్నాయి. నిద్రపోతోంది.

నడిచే బండిలో ఆవిడ నిద్రపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. పూర్వం రైల్లో ఊరెళ్లినా కిటికీ పక్కన కూర్చుని సిగ్నళ్లు లెక్కపెట్టే మనిషి. తెల్లవారకముందే లేచి, ఊరందరినీ గమ్యానికి చేర్చి, ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు కళ్లు మూసింది. ఆయన చెయ్యి బయట పెట్టి జీపుని ముందుకి పొమ్మని సైగ చేశాడు. జీపు డ్రైవరు పక్కకి వచ్చి, కిటికీలోంచి తొంగి చూసి, హారన్ మీద పెట్టబోయిన చెయ్యి తీసేసుకుని, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

ఇల్లు వచ్చింది. గేటు దగ్గర కూతురూ, బావమరిదీ నిలబడి ఉన్నారు. బావమరిది చంకలో మడత విప్పని దుప్పటి కూడా ఉంది. మెకానిక్ కారు ఆపలేదు. నడక వేగంతో వాళ్ల ముందు నుంచి పోనిచ్చాడు. బావమరిది కంగారుగా పక్కనే పరుగందుకున్నాడు.

"ఏంటి బావా, బ్రేకులు కూడా పోయాయా?"

"ష్. మెల్లగా. పడుకుంది."

బావమరిది కిటికీలో తల పెట్టి, సెగకి వెంటనే వెనక్కి లాక్కున్నాడు. "ఈ పొయ్యిలోనా?"

"ఈ పొయ్యిలోనే."

"బావా, నువ్వు స్నానం చేసి వచ్చినవాడిలా ఉన్నావు. దిగు, అక్కని లేపుదాం."

"దిగను. ఆగితే ఇంజన్ కాగుతుంది, లేపితే మీ అక్క లేస్తుంది. నువ్వెళ్లి ఆ దుప్పటి కప్పుకుని కూర్చో."

కూతురు మాత్రం తల్లి ముఖం వంకా, తండ్రి చెమట వంకా చూసి, గేటు చప్పుడు కాకుండా దగ్గరికి లాగింది.

మెకానిక్ వీధి చివర కారు తిప్పి మళ్లీ పెద్ద రోడ్డెక్కాడు. తెలిసిన దారి ఏదైతే ఏం, ఆవిడ బస్సు తిరిగే దారినే పట్టాడు. ఎండ తగ్గుముఖం పట్టింది. కూరగాయల మార్కెట్టు, పెద్దాసుపత్రి, బడి, సినిమా హాలు, ఒక్కొక్క స్టాపే వచ్చింది. ప్రతి స్టాపులోనూ బస్సు కోసం నిలబడ్డ జనం ఈ పసుపు రంగు పొట్టి కారునీ, కిటికీలు దించి హీటరేసుకుని కులాసాగా పోతున్న చెమట మనిషినీ వింతగా చూశారు. ఆవిడ ఇన్నేళ్లూ ఆపిన స్టాపులన్నీ ఆయన ఆపకుండా దాటించాడు. చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. నాలుక పిడచకట్టింది. ఆయన జీవితంలో అంత ఉక్కగా ఎన్నడూ లేదు, అంత సంతోషంగానూ ఎన్నడూ లేదు.

ఊరి చివరి స్టాపు దాటాక గతుకులో చక్రం పడి కారు చిన్నగా ఎగిరింది. ఆవిడ కళ్లు సగం తెరిచింది. బయటికి చూసింది. ఆ ఊళ్లో కళ్లకి గంతలు కట్టి ఎక్కడ దింపినా, రోడ్డు మీది గుంటని బట్టి చోటు చెప్పగల మనిషి.

"ఎక్కడున్నాం?" అంది.

ఆ ప్రశ్న ఆవిడ ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. ఎవరినీ అడిగి ఉండదు.

"దారిలో" అన్నాడు.

"సరే" అని, ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది.